మునిగిన ఓడల సాక్ష్యము

వీపున గాలి సిలిండరు కట్టుకొని సముద్రములోనికి దిగి, అడుగున పడియున్న పాత ఓడలను చూచివచ్చు వినోదము ఇటీవల మన తీరమునకు కూడ వచ్చినది. దీనిని స్కూబా అందురు. విశాఖపట్టణమున ఋషికొండ వద్ద దీనిని నేర్పుచున్నారు. శ్రీకాకుళము జిల్లా బారువ తీరమున పూర్వమెన్నడో మునిగిన చిల్కా అను స్టీమరు శిథిలమును చూచుటకు గజఈతగాండ్రు దిగుచున్నారు. ఇది డబ్బుగలవారి వేడుక అని కొందరు తీసివేయుదురు. నిధినిక్షేపముల వేట అని మరికొందరు ఉబలాటపడుదురు. ఈ రెండు అభిప్రాయములును సమంజసములు కావు. మునిగిన ఓడ ఆటవస్తువు కాదు, ధనపుబిందె కాదు. అది ఒక సాక్షి. ఆ సాక్షిని ప్రశ్నింపవలసిన వారిలో కోనసీమ ఉపాధ్యాయులును విద్యార్థులును ముందువరుసలో ఉన్నారని మనవి చేయుటకే ఈ నాలుగు మాటలు.

ముందుగా ఈ విద్య స్వరూపమును గ్రహింతము. 1943లో ఫ్రాన్సు దేశమున జాక్ కూస్తో, ఎమిల్ గాన్యా అను ఇరువురు నేటి స్కూబా పరికరమునకు మూలమైన యంత్రమును సిద్ధపరచిరి. నీటిలో ప్రతి పది మీటర్ల లోతునకు ఒక వాతావరణపీడనము పెరుగును. ఇరువది మీటర్ల దిగువన ఒడ్డున ఉన్నదానికి మూడింతల ఒత్తిడి ఉండును. ఆ ఒత్తిడికి సమానమైన ఒత్తిడితోనే గాలిని నోటికి అందించుట ఈ యంత్రము చేయు పని. దిగినవాడు ఊపిరి బిగబట్టి పైకి వచ్చినచో లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చిట్లును. తొందరపడి పైకి వచ్చినచో రక్తమున కరిగియున్న నత్రజని బుడగలై కీళ్లను, నరములను దెబ్బతీయును. పాఠశాలలో చెప్పు బాయిల్ సూత్రమునకు ఇంతకంటె కఠినమైన ప్రయోగశాల మరి లేదు. అందుచేతనే క్రొత్తగా నేర్చినవానికి పదునెనిమిది మీటర్లను, వినోదార్థము దిగువారికి నలువది మీటర్లను హద్దుగా పెట్టిరి. ప్రత్యేక శిక్షణ లేనివాడు మునిగిన ఓడ లోపల ప్రవేశింపరాదన్న నియమము కూడ ఇట్టిదే. ఇవి ప్రాణములు పోగొట్టుకొని నేర్చిన నియమములు.

ఇక మన సీమను చూతము. గౌతమికిని వసిష్ఠకును నడుమ, వైనతేయను ఒడిలో నుంచుకొని, కోనసీమ సముద్రమునకు ఎదురుగా నిలిచియున్నది. నేడు ఈ పేరు వినగానే కొబ్బరితోటయు, పంటకాలువయు మనసునకు వచ్చునే గాని ఓడ రాదు. పూర్వము సంగతి వేరు. వైనతేయ మొగదల చేరువనున్న బెండమూరులంకలో పదునెనిమిదవ శతాబ్దమున ఆంగ్లేయుల వర్తకస్థానము ఉండెడిది. వసిష్ఠకు ఆవలియొడ్డున, సఖినేటిపల్లి కెదురుగా ఉన్న నరసాపురము అంతకు ముందే ఓడల నిర్మాణమునకు ప్రసిద్ధి కెక్కెను. పరదేశ వర్తకులు తమ ఓడలను అచ్చట కట్టించుకొనెడివారు. గౌతమి దాటిన ఫ్రెంచివారి యానాము, దాని చెంతనే కోరంగి. ఈ కోరంగి నుండి ఎందరు తెలుగువారు బర్మాకు ఓడలెక్కిరో చెప్పుటకు ఒక్క మాట చాలును: అచ్చట తెలుగువారందరికిని కోరంగీలను పేరే వచ్చినది. ఇన్ని రేవులు, ఇన్ని ఓడలు, ఏటేట తుపానులు గల తీరమున మునిగిన ఓడలు ఉండకుండుట అసంభవము.

కోరంగిని 1789 డిసెంబరులో ఒక తుపాను ముంచెను. ఉప్పెన మూడు తరంగములుగా వచ్చెనని అప్పటి వృత్తాంతములు చెప్పుచున్నవి. కలకత్తాలో తుపానులను పరిశోధించిన హెన్రీ పిడింగ్టన్ ఈ ఉప్పెన వృత్తాంతమును ప్రస్తావించెను. పాము చుట్ట అను అర్థము నిచ్చు గ్రీకు పదమునుండి సైక్లోను అను పేరును కల్పించి లోకమునకు ఇచ్చినవాడు ఈతడే. నేడు ప్రపంచమంతయు వాడు ఆ మాటకు మన గౌతమి మొగదల జరిగిన విపత్తుతో ఇట్టి సంబంధ మున్నదని మన బాలురలో ఎందరికి తెలియును? తరువాత 1839 నవంబరు 25న మరియొక ఉప్పెన వచ్చెను. కోరంగి దానితో మరల కోలుకొనలేదు. ఆనాడు ఇరువదివేల ఓడలు నశించెననియు, మూడులక్షలమంది మరణించిరనియు అనేక గ్రంథములు వ్రాయుచున్నవి.

ఉపాధ్యాయులు ఇచ్చట ఒక్క నిమిషము ఆగవలెను. ఒక్క రేవున, ఒక్క దినమున, ఇరువదివేల ఓడలు నిలిచియుండుట సాధ్యమా? చిన్న పడవలను, తెప్పలను కూడ లెక్కించిరా? ఆ రేవుపట్టణమున, దాని చుట్టుప్రక్కల మూడులక్షల జనము ఉండెడివారా? ఒకరు వ్రాసినదానిని మరియొకరు ఎత్తివ్రాయుచు పోగా సంఖ్యలు చరిత్రగా స్థిరపడుట మన మెరుగని విషయము కాదు. కాగితము చెప్పినదానిని కాగితముతోనే సరిచూడ గలిగినంతవరకు సరిచూతుము. అటుపైన సాక్ష్యము చెప్పగలది సముద్రపుటడుగు ఒక్కటే. ఓడ ఎంతటిది, ఏ కొయ్యతో కట్టినది, ఏ సరకు నింపుకొన్నది, ఏ లంగరు వేసియుండగా మునిగినది అను ప్రశ్నలకు అది అబద్ధమాడదు.

అట్లయిన స్కూబా కట్టుకొని కోరంగి వద్ద దిగరాదా అని ఉత్సాహవంతులు అడుగుదురు. దిగవచ్చును గాని చూడలేరు. గోదావరి ఏటేట తెచ్చి పోయు ఒండ్రుచేత ఈ నదీముఖములవద్ద నీరు కలకబారియుండును. వరదదినములలో చాచిన చేయి కంటికి కానరాదు. ఋషికొండ వద్ద రాతినేలపై చేపలను చూచివచ్చినవాడు అంతర్వేది ముందర దిగినచో కన్ను మూసికొని దిగినట్లే యుండును. పైగా ఇది ప్రవాహములుగల చోటు, వినోదమునకు తగదు. మరియొక చిత్రము కూడ గలదు. ఒండ్రు పేరుకొని తీరమే ముందునకు జరిగినది. కాకినాడ ఎదుట హోప్ దీవి అను ఇసుకతిన్నె గడచిన రెండు శతాబ్దములలో పెరిగినదే. కనుక ఆనాటి ఓడలలో కొన్ని నేడు నీటిక్రింద గాక, కోరంగి మడఅడవుల మట్టిక్రిందనే ఉండవచ్చును.

అయినను ఆ ఒండ్రును నిందింపరాదు. ఉష్ణసముద్రములలో మునిగిన కొయ్యను ఓడపురుగు తొలిచి కొలది సంవత్సరములలోనే రూపుమాపును. స్వీడను దేశమున 1628లో మునిగిన వాసా అను యుద్ధనౌకను 1961లో దాదాపు చెక్కుచెదరకుండ పైకి తీయగలిగిరన్నచో, ఉప్పు తక్కువగా నుండు ఆ బాల్టిక్ సముద్రమున ఈ పురుగు బ్రతుకకపోవుటయే ముఖ్యకారణము. మన తీరమున అట్టి అదృష్టము లేదు. కాని గాలి చొరని మెత్తని ఒండ్రులో కూరుకొనిపోయిన కొయ్యను పురుగు ముట్టజాలదు. చూడనీయక దాచిన గోదావరియే, చెడనీయక కాపాడుచు నుండవచ్చును. నేడు మనకు కనబడకపోవుట రేపటివారికి మేలు కావచ్చును. ఒండ్రులోనికి చూడగల సోనార్ మొదలగు ధ్వనియంత్రములు నేడు గలవు. భారత పురావస్తుశాఖ 2001లో సముద్రగర్భ విభాగమును నెలకొల్పినది. ఆ విభాగము మరుసటి యేడు లక్షద్వీపములలో బంగారము దీవి చెంత మునిగిన ప్రిన్సెస్ రాయల్ అను ఓడను శాస్త్రీయముగా పరిశోధించినది. అట్టి దృష్టి గోదావరీముఖములపై కూడ ప్రసరింపవలెనని మనము కోరుట అత్యాశ కాదు.

అయితే యంత్రములకంటె ముందు చేయదగిన పని యొకటి గలదు. అది మన చేతులలోనిదే. 1900లో గ్రీకుదేశపు ఆంటికితెరా దీవివద్ద రెండువేల యేండ్లనాటి ఓడను కనుగొన్నది పండితులు కారు, సముద్రపు స్పంజిని ఏరుకొని బ్రతుకువారు. నత్రజని సంగతి సరిగా ఎరుగక పలుమార్లు లోతులకు దిగిన ఫలితముగా వారిలో ఒకడు మరణించెను, ఇరువురు పక్షవాతము పాలైరి. సింహళమున గోడవాయ తీరమున అంతటి పురాతనమైన ఓడ శిథిలమును మొదట చూచినవారు శంఖముల కొరకు మునిగెడి స్థానికులే. మన మత్స్యకారుల యెడనైనను ఇంతే. వల ఎచ్చట తగులుకొని చినుగునో, ఎన్ని బారల లోతున తగులునో, దేవాలయ గోపురమును దీపస్తంభమును ఏ వరుసలోనికి వచ్చినప్పుడు ఆ చోటు వచ్చినదని తెలియునో వృద్ధుడైన సరంగు నడిగిన చెప్పగలడు. అది అచ్చుపడని భూగోళశాస్త్రము. వ్రాసికొనువాడు లేక అతనితోనే పోవుచున్నది.

అంతర్వేది, ఓడలరేవు, భైరవపాలెము వంటి తీరగ్రామముల చేరువనున్న ప్రతి పాఠశాలయు ఒక పుస్తకమును తెరచి, విద్యార్థులచేత ఇట్టి విషయములను సేకరింపజేయవచ్చును. వలకు చిక్కి వచ్చిన పాత లంగరును, కొయ్యతునకను తూకమునకు అమ్ముకొనక, బొమ్మ గీసి, కొలతలు వ్రాసి, పురావస్తుశాఖకు తెలుపవచ్చును. చోట్ల గుర్తులను మాత్రము ఎల్లరకు చాటరాదు. చాటినచో పండితునికంటె ముందు దొంగ చేరును. నూరేండ్లకు మించి నీటిలోనున్న మానవకృతములను వారసత్వముగా కాపాడవలెనని, ఉన్నచోటనే ఉంచి రక్షించుటకు మొదటి ప్రాధాన్యము నీయవలెనని యునెస్కో ఒడంబడిక 2001లో చెప్పినది. చూచి రమ్ము, తీసికొని రావలదు అనునదే దాని సారము.

మునిగిన ఓడలలో ఎంతమాత్రము వినోదస్థలములు కారానివి కూడ గలవు. 1971 డిసెంబరు తొలిదినములలో విశాఖ ముందర ఘాజీ అను పాకిస్తాను జలాంతర్గామి తొంబదిమందికి పైగా నావికులతో మునిగినది. అది మునిగిన విధమును గూర్చి ఇరుదేశముల కథనములు నేటికిని వేరువేరు. అదే నగరమున 2002లో ఒడ్డున నెలకొల్పిన కుర్సురా జలాంతర్గామిని మన బాలురు టిక్కెట్టు కొని లోపలకు పోయి చూచుచున్నారు. ఒకటి ప్రదర్శనశాల, రెండవది సమాధి. శత్రువుదైనను సమాధి సమాధియే.

ఇంతకంటె దగ్గరి గాయము 1996 నవంబరు 6 నాటి తుపాను. ఆ రాత్రి కోనసీమ తోటలు కూలినవి. సముద్రముపై నున్న మరపడవలు వందలమంది మత్స్యకారులతో తిరిగి రాలేదు. భైరవపాలెమున ఆ శోకము నేటికిని చల్లారలేదు. ఆ పడవలును మునిగిన ఓడలే. వానికి నూరేండ్లు నిండలేదు. ఏ ఒడంబడికయు వానిని లెక్కింపదు. కాని ఆ పడవలతో పోయినవారి మనుమలు నేడు మన తరగతులలో కూర్చుండియున్నారు. ఓడల పుస్తకమున మొదటి పుటలు వానికి చెందవలెను: పడవ పేరు, బయలుదేరిన రేవు, తిరిగిరాని వారి పేర్లు, వారి ఇంటివారి సమ్మతితో. 1839లో పోయినవారి పేర్లను వ్రాసియుంచినవారు లేనందుననే నేడు మనకు మిగిలినది నమ్మరాని పెద్ద సంఖ్య. ఆ పొరపాటును మరల చేయకుండుట మన చేతిలో నున్నది.

ఏదో ఒకనాడు అమలాపురములోనో, రాజోలులోనో, కొత్తపేటలోనో చదివిన బాలుడో బాలికయో, ఈత నేర్చి, శాస్త్రము నేర్చి, ఈ నీటిలోనికి దిగుట తథ్యము. ఆ దిగువారికి చీకటి ఒండ్రులో చేతికి తగిలిన కొయ్య ఏమిటో తెలియవలెనన్నచో, ఒడ్డున నేడు వ్రాసి యుంచిన పుస్తకము కావలెను. వేసవి సెలవులు రాకముందే ఆ పుస్తకమునకు మొదటి పుట పడునుగాక.