గృధ్రశబ్దము – లోభార్థము

లోభియైనవానిని ‘రాబందు’ అని నిందించుట లోకమున వాడుక. దీనిని బట్టి, సంస్కృతమున లోభివాచకమగు ‘గృధ్ను’ శబ్దము ‘గృధ్ర’ యను పక్షిపేరునుండి పుట్టినదని కొందరు బోధించుట కలదు. వినుట కింపుగా నున్నను ఇది శాస్త్రసమ్మతము కాదు.

ధాతుపాఠమున దివాదిగణమునందు ‘గృధు’ ధాతువు అభికాంక్షార్థమున పఠింపబడినది. అష్టాధ్యాయి తృతీయాధ్యాయము, ద్వితీయపాదము, 140వ సూత్రముచే ‘క్ను’ ప్రత్యయము వచ్చి ‘గృధ్ను’ అగును. ఉణాదులలోని ‘క్రన్’ ప్రత్యయముచే ‘గృధ్ర’ అగును. రెండు ప్రత్యయములును కిత్తులగుటచే గుణము రాలేదు. కనుక ఈ రెండు శబ్దములును ఒకే ధాతువు సంతానము; ఒకటి మరియొకదానికి జనకము కాదు. పక్షిపేరే మూలమైనచో లోభివాచకము తద్ధితాంతము కావలసియుండెను. ‘గృధ్ను’ కృదంతము.

ప్రయోగములును దీనికే అనుకూలములు. ఋగ్వేదమున రెండవ మండలము 39వ సూక్తమునందు గృధ్రశబ్దము పక్షిని చెప్పగా, ఐదవ మండలము 77వ సూక్తమునందు అదే శబ్దము ఆశగొన్నవానిని చెప్పుచున్నది. ఈశావాస్యోపనిషత్తు మొదటి మంత్రమునందలి నిషేధము ఈ ధాతువుతోనే చేయబడినది. అక్కడ పక్షిప్రసక్తి లేదు. కాళిదాసు రఘువంశ ప్రథమసర్గమున దిలీపుని ‘అగృధ్నువు’ అనెను. అర్థమును గ్రహించినను దానియందు ఆశ లేనివాడని భావము. అమరసింహుడును పక్షిని ద్వితీయకాండ సింహాదివర్గమునను, గృధ్నువును తృతీయకాండ విశేష్యనిఘ్నవర్గమునను వేర్వేరుగా చెప్పెను.

పక్షియందు గృధ్రశబ్దము యోగరూఢము. మాంసాభికాంక్షను బట్టి పేరు వచ్చినంతమాత్రమున లోభదోషము దానికి అంటదు. ఆకలిగొన్నది తినుట వేరు, తినలేనిదానిని కూడబెట్టుట వేరు. రామాయణమున సీతకొరకు ప్రాణములర్పించిన జటాయువు గృధ్రరాజే గదా!

కళేబరములను తిని నేలను శుద్ధిచేయు ఈ పక్షి, పశువులకు వాడిన డైక్లోఫినాక్ మందువలన మన దేశమున క్షీణించినది. తెల్లవీపు రాబందు 1992, 2007 సంవత్సరముల నడుమ 99 శాతమునకు పైగా తగ్గెను. 2004లో ప్రకటితమైన పరిశోధనచే కారణము తేలగా, 2006లో పశువైద్యమున ఆ మందు నిషేధింపబడెను. నేటి విద్యార్థులలో పెక్కురు ఈ పక్షిని చూచి యెరుగరు. వారికి దాని పేరొక్కటే పరిచయము. ఆ పేరుతోపాటు లేని నిందనుకూడ అప్పగింపక, ధాతువును ముందు, పక్షిని పిదప చెప్పుట అధ్యాపకుల కర్తవ్యము.