చెరువు వాళ్ళది, వరద మనది

2020 అక్టోబరు వానలు హైదరాబాదు వాళ్ళెవరూ అంత తేలిగ్గా మర్చిపోరు. 13వ తారీఖు కుంభవృష్టి ఒక ఎత్తు. 17 రాత్రి బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగడం ఇంకో ఎత్తు. అప్పట్లో బాలాపూర్ బడంగ్‌పేట కార్పొరేషన్ కింద ఉండేది. నీళ్ళు వచ్చి పడ్డ హాఫిజ్ బాబానగర్ లాంటి బస్తీలేమో జీహెచ్ఎంసీ కింద. అంటే చెరువు ఒక ఆఫీసు మ్యాపులో, మునిగిన ఇళ్ళు ఇంకో ఆఫీసు మ్యాపులో అన్నమాట.

కట్ట తెగడానికి మ్యాపులు కారణమని నేననడం లేదు. నేనడిగేది ఒకటే. "ఈ చెరువు తెగితే నీళ్ళు ఏ ఏ గల్లీల్లోకి పోతాయి?" అనే ప్రశ్నకి జవాబు చెప్పాలంటే రెండు ఆఫీసుల జీఐఎస్ డేటా ఒకే స్క్రీను మీదకి రావాలి కదా? అర్ధరాత్రి ఎవరిని లేపాలో తెలిసేది అప్పుడే. నాలాకి మున్సిపల్ సరిహద్దు తెలీదు. తెలిసింది మన డేటాబేసులకే.

"అందుకేగా అన్నీ కలిపేశారు" అంటారేమో. నిజమే, 2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలూ, 8 పంచాయతీలూ కలిపి జీహెచ్ఎంసీ చేశారు. 2025 డిసెంబరులో బడంగ్‌పేటతో సహా ఇంకో 27 మున్సిపాలిటీలూ, కార్పొరేషన్లూ కలిపారు. కానీ కలిపిన ప్రతిసారీ సరిహద్దు బయటికి జరుగుతుందే తప్ప మాయమవదు. కొత్త గీతకి అవతల మళ్ళీ ఓ చెరువుంటుంది, ఇవతల ఓ కాలనీ ఉంటుంది. పైగా ఒకే కార్పొరేషన్ అయినంత మాత్రాన జలమండలి, హెచ్ఎండీఏ, ఇరిగేషన్, రెవెన్యూ ఒకటైపోవు. ఆఫీసుల విలీనం జీవోతో అవుతుంది. డేటా విలీనం అలా అవదు, అది మనలాంటి వాళ్ళకి బాగా తెలిసిన నరకం.

అసలు ఏమి అడ్డం వస్తుందో చూద్దాం. సాఫ్ట్‌వేర్ మాత్రం కాదు. పోస్ట్‌జీఐఎస్, క్యూజీఐఎస్ ఇరవై ఏళ్ళ పైనుంచీ ఊరికే దొరుకుతున్నాయి. అడ్డం వచ్చేవి చిన్న చిన్న విషయాలు. ఒకరి పాత మ్యాపు ఎవరెస్ట్ డేటంలో ఉంటుంది, ఇంకొకరిది డబ్ల్యూజీఎస్ 84లో. మార్చకుండా ఒకదాని మీద ఒకటి వేస్తే మన దగ్గర వంద మీటర్ల పైనే తేడా వస్తుంది. అంటే నాలా ఎవరిదో డ్రాయింగు రూములోంచి పారుతుంది. యూటీఎం జోన్ల సంగతి ఇంకా తమాషా. 43వ జోనుకీ 44వ జోనుకీ గీత 78 డిగ్రీల రేఖాంశం దగ్గర. మూసీ పుట్టే వికారాబాద్ అనంతగిరి కొండలు గీతకి పడమటి వైపు, హైదరాబాదు తూర్పు వైపు. ఒకే నది, తల ఒక జోనులో, మొండెం ఇంకో జోనులో!

ఇక స్కీమా గురించి చెప్పక్కర్లేదు. షేప్‌ఫైల్లో కాలమ్ పేరుకి పదే అక్షరాలు. ఒకరు వెడల్పు అడుగుల్లో రాస్తారు, ఒకరు మీటర్లలో. కాలమ్ పేరు చూసి ఏదో కనుక్కోవడం బ్రహ్మతరం కాదు. లోతు ఎక్కడినుంచి కొలిచారో రాయరు. ఒకే నాలాకి గీతకి ఇటు ఒక పేరు, అటు ఇంకో పేరు. ప్రైమరీ కీ లేని రెండు టేబుళ్ళని జాయిన్ చేయమంటే మీరేం చేస్తారు? ఆ పనే వరద రాత్రి ఫోన్ల మీద ఇంజనీర్లు చెయ్యాల్సొస్తుంది.

ఇది ఎక్కడా సాధ్యం కాని పనేం కాదు. అమెరికాలో మినియాపోలిస్, సెయింట్ పాల్ జంట నగరాల చుట్టూ ఏడు కౌంటీలున్నాయి. 1990ల మధ్యలో మెట్రోజీఐఎస్ అని ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఏ కౌంటీ స్థలాల మ్యాపు ఆ కౌంటీయే చూసుకుంటుంది. అందరూ ఒప్పుకున్న ఫార్మాట్‌లోకి మార్చి అన్నిటినీ కలిపి ఉంచేది ప్రాంతీయ సంస్థ, మెట్రోపాలిటన్ కౌన్సిల్. ఎవరి అధికారమూ ఎవరూ లాక్కోలేదు. చికాగో శివార్లలో చిన్న ఊళ్ళు కొన్ని 2000లో జీఐఎస్ కన్సార్టియం పెట్టుకున్నాయి. ఒక్కో ఊరికి విడిగా జీఐఎస్ ఉద్యోగిని పెట్టుకునే స్తోమత లేదు. అందుకని మనుషుల్నీ, ఖర్చునీ పంచుకున్నాయి. ఇప్పుడు ముప్పైకి పైగా ఊళ్ళున్నాయి అందులో.

ఇక్కడ నవ్వాలో ఏడవాలో తెలీని విషయం ఒకటుంది. అమెరికా, యూరప్ మ్యాపుల్ని డిజిటైజ్ చేసి, అంచులు కలిపి, గీతలు సరిచేసే పని ఏళ్ళ తరబడి మన హైదరాబాదు కంపెనీల్లోనే జరిగింది. వాళ్ళ కౌంటీల అంచులు కలిపిన చేతులు మన మున్సిపాలిటీల అంచులు కలపలేవా?

నియమాలు ఒప్పుకోవు అనే సాకు కూడా ఇప్పుడు లేదు. 2021 ఫిబ్రవరి మార్గదర్శకాలతో మ్యాపింగుకి ముందస్తు అనుమతుల గొడవ చాలా వరకు పోయింది. 2022 డిసెంబరులో జాతీయ జియోస్పేషియల్ విధానం కూడా వచ్చింది. మిగిలింది "మా డేటా మీకెందుకివ్వాలి" అనే జబ్బు ఒక్కటే.

ఆ భయంలో కొంత న్యాయం లేకపోలేదు. ఇంటి యజమానుల పేర్లూ, పన్ను బకాయిలూ పక్క ఊరికి ఇవ్వక్కర్లేదు. మంచినీటి ప్రధాన పైపులైన్ల వివరాలు అందరికీ తెరిచి పెట్టమనీ అనను. ఇంకో భయం, పెద్ద కార్పొరేషన్ చేతికి డేటా వెళ్తే చిన్న ఊరి మాట చెల్లదని. అందుకే జంట నగరాల పద్ధతి నాకు నచ్చింది. డేటా సొంతదారు మారడు, కాపీ మాత్రం అందరి దగ్గరా ఉంటుంది.

అన్నీ ఒకేసారి అక్కర్లేదు. నాలుగు లేయర్లు చాలు: నాలాలు, చెరువుల ఎఫ్‌టీఎల్ హద్దులు, రోడ్లు, భూమి ఎత్తు. వీటికి ఒకే డేటం, ఒకే కొలత, గీత దాటినా మారని ఐడీ. భూమి ముక్కకి అక్షరాలూ అంకెలూ కలిసిన 14 స్థానాల భూ ఆధార్ ఇస్తున్నప్పుడు నాలాకి ఒక నంబరు ఇవ్వలేమా? ప్రతి ఏడాదీ జూన్ లోపు పక్కపక్క ఊళ్ళ ఇంజనీర్లు కూర్చుని అంచులు సరిచూసుకోవాలి. కన్సల్టెంటుకి చివరి బిల్లు చెల్లించేది సీడీ ఇచ్చినప్పుడు కాదు, పక్క ఊరి మ్యాపుతో అతికిందని చూపించినప్పుడు. టెండరులో ఈ ఒక్క వాక్యం రాస్తే సగం సమస్య తీరుతుందని నా నమ్మకం.

మనలో చాలామంది ఈ కాంట్రాక్టుల్లో అటువైపో ఇటువైపో పనిచేస్తున్నవాళ్ళమే. డెలివరబుల్స్ జాబితా రాసేటప్పుడు ఆ వాక్యం మనమే చేర్చొచ్చు. ఎవరూ అడగలేదు కదా అని ఊరుకుంటే, అడిగేది ఈసారి కూడా వానే. ఏమంటారు?