షిరాజ్ పేరు చెప్పి గ్లాసు అందుకునేవాళ్లకు

"షిరాజ్ అంటే మన తహజీబే కదా చాచా, హాఫిజ్ ఊరు!" ఆస్ట్రేలియాలో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లల నోట ఈ మాట ఈమధ్య రెండు మూడు దావత్‌లలో విన్నాను. వందేళ్లు దాటిన తీగల అంగూర్‌తో చేసి, ఏళ్ల తరబడి సీసాలో దాచిన షరాబ్ అట. తాగడం కాదట, టేస్టింగ్ అట. పక్కనున్న బుజుర్గులు నవ్వి ఊరుకున్నారు. నాకు గుస్సా వచ్చింది పిల్లల మీద కాదు, ఆ నవ్వు మీద.

ముందు పేరు సంగతి. ఇరాన్‌లో షిరాజ్ షహర్ ఉంది, అక్కడ ఒకప్పుడు షరాబ్ చేసేవారు. రెండూ నిజమే. కానీ ఈ అంగూర్‌కు ఆ ఊరితో ఖూన్ కా రిష్తా లేదు. 1990ల చివర డీఎన్ఏ పరీక్షలో దీని అమ్మానాన్నలు బయటపడ్డారు: దురెజా, మొందూజ్ బ్లాన్ష్. రెండూ ఫ్రాన్స్ రకాలే. ఆ దేశంలో దీన్ని సిరా అంటారు. పోనీ, షిరాజ్ నుంచే వచ్చిందనుకుందాం. అయితే ఏమిటి? సూరె మాయిదా 90వ ఆయత్‌లో ఊరిని బట్టి రియాయత్ ఉందా?

పాతబడితే తోలు వాసన, ఎండు అంజీర్ వాసన వస్తాయని మురిసిపోతారు. (తోలు వాసనకైతే చెప్పుల దుకాణం చాలు, అంజీర్ బజారులో దొరుకుతుంది.) రుచి మెత్తబడుతుందేమో గానీ ఆల్కహాల్ సీసాలోంచి ఎటు పోతుంది? నోట్లో తిప్పి ఉమ్మేస్తామనేది ఇంకో బహానా. హరామ్‌ను పుక్కిలిస్తే ఇల్మ్ అయిపోతుందా?

ఆ తీగల దాస్తాన్ మాత్రం పిల్లలకు తప్పక చెప్పండి. దక్షిణ ఆస్ట్రేలియాలో బరోసా లోయ ఉంది. తమ ఇబాదత్ పద్ధతిని ప్రష్యా బాదుషా మార్చబోతే ఒప్పుకోని లూథరన్ రైతులు 1838 నుంచి ఆ దేశానికి హిజ్రత్ చేశారు. వాళ్లలో చాలామంది ఈ లోయలో స్థిరపడ్డారు. 1843లో నాటినవని చెప్పే షిరాజ్ తీగలు అక్కడ ఇప్పటికీ కాస్తున్నాయి. యూరప్ తోటలను నాశనం చేసిన ఫిలాక్సెరా పురుగు అక్కడికి చేరలేదు. 1980లలో సర్కారే పైసలిచ్చి తీగలు పీకించింది. కొందరు రైతులు పీకలేదు. అందుకే అవి మిగిలాయి.

ఆ మొండి రైతుల మెహనత్‌కు నేను సలాం చేస్తాను. దానికి ఒక్క చుక్క కూడా నోట్లో పోసుకోనక్కర్లేదు. బేటా, బరోసా వెళ్లు, ఆ మోడులను చూడు, ఫోటో తీసి పంపు. ఆఫీసు పార్టీలో గ్లాసు చేతికిస్తే "నేను తాగను" అను, చాలు. సఫాయీ ఇవ్వాల్సిన పని లేదు.

ఇక బుజుర్గులారా, వచ్చే దావత్‌లో ఎవరైనా హాఫిజ్ పేరెత్తితే నవ్వకండి. దురెజా ఎవరో అడగండి.