నెట్ పోలేదు, మన బుర్రే పోయింది

"సారీ, మా ఊళ్ళో నెట్ ప్రాబ్లమ్." సాఫ్ట్‌వేరోళ్ళం ఈ ఒక్క ముక్కతో సొంతూళ్ళ మీద వేసినన్ని నిందలు ఇంకెవరూ వేసి ఉండరు. నేనూ వేశాను. ముందు నా తప్పు ఒప్పుకుని, ఆ తర్వాత మిమ్మల్ని కూడా నాలుగు తిడదామని కూర్చున్నా.

మాది నర్సీపట్నం. నాన్నకి మోకాలి ఆపరేషన్ అయితే, మేనేజర్ని బతిమాలి ఇంటి నుంచి పని చేస్తానని వచ్చేశా. సాయంత్రం క్లయింట్ కాల్ మధ్యలో కరెంటు పోయేది. ఇన్వర్టర్ అందుకునేది. కాసేపటికి నా గొంతు ముక్కలు ముక్కలై, కాల్ ఊడిపోయేది. రెండు వారాలు ఇదే వరస. "ఆ ఊళ్ళో కుదరదులే, బెంగుళూరు వచ్చెయ్" అన్నాడు మేనేజర్. నేను కూడా "అవును, ఇక్కడంతే" అనేశా. అక్కడ నడవలేని నాన్న మంచమ్మీద ఉన్నారు, ఇక్కడ నేను సూట్‌కేసు దించుతున్నా.

కస్టమర్ కేర్ వాళ్ళు చెప్పే రీస్టార్ట్ మంత్రం గురించి మీకు చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చిన కేబుల్ కుర్రాడి మీద అరిచా. అతను తన ఫోన్‌ని మా వైఫైకే కలిపి వీడియో పెట్టి చూపించాడు, చక్కగా నడిచింది. "మీ ఫోన్ వేరు, నా మీటింగ్ వేరు" అన్నా! చూడండి నా ఇంజనీరింగ్ డిగ్రీ తెలివి. అమ్మ అయితే రోజూ చెప్తూనే ఉంది, "కరెంటు పోయినా నా ఫోన్లో సీరియల్ బానే వస్తోంది కదరా, నీకొక్కడికే ఏమొచ్చింది?" అని. అంతకు మించిన టెస్ట్ రిపోర్ట్ ఏముంటుంది? నేను వినలేదు.

చివరికి ఏం తేలిందంటే, హాల్లో రౌటర్ ఉన్న ప్లగ్గుకి ఇన్వర్టర్ లైను ఉంది, నా గదిలో ప్లగ్గుకి లేదు. కరెంటు పోగానే లాప్‌టాప్ బ్యాటరీ మీదకి వెళ్ళేది. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో వైర్‌లెస్ అడాప్టర్‌కి బ్యాటరీ మీద ఉన్నప్పుడు పవర్ సేవింగ్ అని ఉంది. అంటే కరెంటు పోయిన ప్రతిసారీ నా వైఫై కార్డే కునుకు తీసేది. దాన్ని మాక్సిమమ్ పెర్ఫార్మెన్స్‌కి మార్చా, డివైస్ మేనేజర్‌లో ఆ కార్డుకున్న పవర్ మేనేజ్‌మెంట్ టిక్కు తీసేశా. రెండు నిమిషాల పని. ఆ తర్వాత కరెంటు పోయింది గానీ కాల్ పోలేదు.

ఇప్పుడు మీ వంతు. ప్రొడక్షన్‌లో సర్వర్ పడిపోతే లాగ్స్ చూడకుండా "హైదరాబాదులో సర్వర్లు ఇంతే" అంటారా? మరి ఇంట్లో ఎందుకంటున్నారు? "నెట్ పోయింది" అనేది రోగం పేరు కాదు. జ్వరం లాంటిది, కారణం వెతకాలి. ముందు అదే వైఫై మీద ఇంకో ఫోన్ నడుస్తోందా చూడండి. నడిస్తే అనుమానం లాప్‌టాప్ మీద. తర్వాత రౌటర్‌కి పింగ్ కొట్టండి, చాలా ఇళ్ళలో 192.168.1.1 ఉంటుంది. అక్కడే తడబడితే గొడవ మీ ఇంటి గోడల మధ్యే. 5 గిగాహెర్ట్జ్ వేగమే గానీ గోడలంటే పడదు. 2.4 దూరం పోతుంది గానీ పక్కింటి రౌటర్లతో కిక్కిరిసి ఉంటుంది, అందులో ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్ళు 1, 6, 11 మాత్రమే. రౌటర్ బాగుండి 8.8.8.8 కూడా పలికి, సైట్లు మాత్రం తెరుచుకోకపోతే డీఎన్ఎస్‌ని అనుమానించండి. రౌటర్ పలికి, బయటికి ఏదీ పోకపోతే, అప్పుడు కేబులాయన్ని పిలవండి. అప్పుడు అరిచినా ఒక అర్థం ఉంటుంది.

చిన్న ఊళ్ళలో నిజంగా నెట్ పోదా అంటే, పోతుంది. తీగలు తెగుతాయి. ఆ మాటకొస్తే 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ మహానగరంలోనే కరెంటూ ఫోన్లూ రోజుల తరబడి లేవు. మా ఊరు దాటి చింతపల్లి వైపు ఘాట్ ఎక్కితే, సిగ్నల్ కోసం కొండెక్కే జనం ఉన్నారు. "నెట్ లేదు" అనే మాట వాళ్ళది. హాల్లో ఫైబర్ పెట్టుకుని, ఒక టిక్కు తీయడం చేతకాక ఆ మాట మనం వాడేసుకుంటే వాళ్ళ గోడు ఎవడు నమ్ముతాడు?

ఇంకోటి. మనం "మా ఊళ్ళో కుదరదు" అన్న ప్రతిసారీ, అందర్నీ ఆఫీసుకి లాగాలని చూసేవాళ్ళకి సాక్ష్యం మనమే రాసిస్తున్నాం. రేపు మన వెనకాల వచ్చే ఊరి కుర్రాడు ఇంటి నుంచి పని అడిగితే కాదనేది మన మాట చూపించే.

నాన్న ఇప్పుడు కర్ర లేకుండా వీధి చివరిదాకా నడుస్తున్నారు. మేనేజర్‌కి నిజం చెప్పేశా, "తప్పు ఊరిది కాదు, నాది" అని. కేబుల్ కుర్రాడికి మాత్రం ఇంకా సారీ చెప్పలేదు. మొహం చెల్లక.