కన్సోలునకు టెలివిజనే గతియా?

గేము కన్సోలు కొనదలచినవానికి అంగడివాడు మొదలుకొని ఆప్తమిత్రుని వఱకు అందఱును చెప్పు హితవు ఒకటి కలదు. పెద్ద టెలివిజను లేని యింట ఆ యంత్రము కొనుట దండుగ యనియు, దానిని కంప్యూటరు మానిటరునకు తగిలించుట చేతిలో డబ్బు చాలనివారు చేసికొను సర్దుబాటే కాని సరియైన పద్ధతి కాదనియు, చిన్న తెరమీద ఆడినది ఆటయే కాదనియు ఆ హితవు సారాంశము. ఇన్నినాళ్ళుగ ఎవరును ప్రశ్నింపకుండుటచేత ఇది సత్యమువలె చెలామణి యగుచున్నదే కాని పరీక్షకు నిలుచునది కాదు. ఒంటరిగ కూర్చుండి, మనసు పెట్టి, కంటికిని చేతికిని నడుమ క్షణమాత్రపు టెడము లేకుండ ఆడగోరువానికి మానిటరే ముఖ్యమైన తెర యనియు, టెలివిజనే సర్దుబాటనియు నా దృఢవిశ్వాసము.

కన్సోలునకు టెలివిజనుతోడి పొత్తు స్వభావసిద్ధమైనది కాదు, చరిత్రవశమున ఏర్పడినది. అమెరికా దేశమున రాల్ఫ్ బేర్ అను ఇంజనీరు 1966లో ఈ యాలోచనకు అంకురార్పణ చేసిననాడు, సామాన్యుని యింట నున్న తెర టెలివిజను ఒక్కటే గాన, కోట్లకొలదిగ నున్న ఆ పెట్టెలను ప్రసారములు చూచుటకే గాక మఱియొక పనికిని వినియోగింపవచ్చునని ఆయన తలపోసెను. ఆ తలపు ఫలించి 1972లో మాగ్నవాక్స్ ఒడిస్సీ వెలువడెను. దానిని ఏంటెన్నా తీగ వచ్చుచోట తగిలించి, తెరమీద రంగురంగుల ప్లాస్టిక్ పొరలు అంటించి ఆడుకొనెడివారు. మన యూళ్ళలో 1990ల నాటి పిల్లలును క్యాసెట్టు వీడియో గేమును అట్లే టీవీ వెనుక దూర్చి, ఛానలు త్రిప్పి త్రిప్పి బొమ్మ పట్టుకొనిరి. వేఱు తెర లేనినాటి అలవాటును, వేఱు తెరలు ఇంటింట వెలసిన నేడును ధర్మముగ భావించుట ఎట్లు సమంజసము?

ఆ మాటకు వచ్చిన, కన్సోలు నిర్మాతలే ఈ ధర్మమును పాటింపలేదు. సేగా సంస్థ 1998లో జపానున విడుదల చేసిన డ్రీమ్‌కాస్ట్‌ను వీజీఏ పెట్టె సాయమున మానిటరునకు కలిపినవారు, నాటి సామాన్యపు టెలివిజను చూపజాలని 480 గీతల నిండు బొమ్మను చూడగలిగిరి. 2005లో వచ్చిన ఎక్స్‌బాక్స్ 360కు మొదట హెచ్‌డీఎమ్‌ఐ రంధ్రము లేకున్నను, మైక్రోసాఫ్ట్ దానికై వీజీఏ తీగను ప్రత్యేకముగ అమ్మెను. టెలివిజనుల తయారీకి పేరుగాంచిన సోనీ సంస్థయే 2011లో ఛానలులు పట్టు ట్యూనరు లేని 24 అంగుళాల తెరను ప్లేస్టేషన్ పేరనే వెలువరించి, 2022లో ఇన్‌జోన్ అను పేర మానిటరులను సిద్ధపఱచి, వానిలో పీఎస్5కు అనువైన ఏర్పాటులను ప్రత్యేకముగ చేర్చెను.

ఇట్లుండగా, సికింద్రాబాదు పార్కులేను అంగళ్ళలో ఒకచోట, కొడుకును వెంటబెట్టుకొని వచ్చిన యొక తల్లితో విక్రేత "మానిటరుకు పెడితే మిషను ఖరాబైతది మేడమ్" అని చెప్పుట నేను చెవులార వింటిని. ఆమె భయపడి, కన్సోలు మాటయే మానుకొని వెడలిపోయెను. ఇంతకన్న అన్యాయమగు మాట వేఱొకటి లేదు. హెచ్‌డీఎమ్‌ఐ తీగ తగిలించినంతనే ఏ తెరయైనను తాను చూపగల పరిమాణములను, వేగములను కన్సోలునకు తెలుపును. కన్సోలు వానిలో తగినదానిని ఏఱుకొనును. ఎదుట నున్నది టెలివిజనా, మానిటరా యను విచారణ ఆ యంత్రమునకు లేదు. డీవీఐ రంధ్రము మాత్రమే గల పాత మానిటరునకు సైతము చవుకైన అడాప్టరు చాలును. శబ్దమును మాత్రము వేఱుగ తెచ్చుకొనవలెను. హెచ్‌డీసీపీ రక్షణను ఎఱుగని మఱీ పాత తెరలపై బొమ్మ రాకపోవచ్చును, అంతియే; యంత్రమునకు హాని లేశమును లేదు.

ఇక అసలు విషయము ఆలస్యము. టెలివిజను సినిమాకు, క్రికెట్టుకు, సీరియలుకు ఏర్పడిన యంత్రము. తన యొద్దకు వచ్చిన బొమ్మను అది ఉన్నదున్నట్లు చూపదు. మచ్చలు తుడిచి, అంచులకు పదునుపెట్టి, రంగులు చిక్కనచేసి, రెండు బొమ్మల నడుమ తాను ఊహించిన మఱియొక బొమ్మను చొప్పించి చూపును. ఈ యలంకరణమునకు కాలము పట్టును. చలనచిత్రము చూచువానికి బొమ్మయు శబ్దమును కలిసి సెకనులో పదవవంతు వెనుకబడినను తెలియదు. బటను నొక్కి ఫలము కొఱకు చూచువానికి ఆ పదవవంతే ప్రాణము. సెకనుకు 60 బొమ్మలు సాగు ఆటలో ఒక్కొక్క బొమ్మ నిలుచునది 16.7 మిల్లీసెకండ్లు మాత్రమే కాగా, కొన్ని టెలివిజనులు తమ సింగారములన్నిటిని ముగించి బొమ్మను చూపుసరికి 100 మిల్లీసెకండ్లు గడచుటయు కలదు. అనగా ఆడువాడు చూచుచున్నది ఆఱు బొమ్మల వెనుకటి సంగతి. స్ట్రీట్ ఫైటర్ 4లో కొన్ని దెబ్బలను ఒకదానివెంట నొకటి అతుకుటకు దొరకు అవకాశము ఒక్క బొమ్మపాటి కాలమే. దానికై రాత్రులు సాధన చేసిన పిల్లవాడు, తెర చేసిన తప్పునకు తన చేతిని తిట్టుకొనుట చూచినపుడు నాకు కలుగు బాధ ఇంతంత కాదు.

ఆ ఆట కన్సోలులమీద సాగిన కాలమున, లాస్‌వేగాస్‌లో జరుగు ఎవో పోటీలలో నిర్వాహకులు బల్లలమీద వరుసగ పేర్చినవి పెద్ద టెలివిజనులు కావు. ఆసుస్ సంస్థవారి వీహెచ్236హెచ్ అను 23 అంగుళాల సామాన్యపు మానిటరులు. బహుమతి కొఱకు దేశదేశములనుండి వచ్చి పోరాడినవారు అంగీకరించిన తెర అది. దానిని లేనివాని సర్దుబాటనుటకు నోరెట్లు వచ్చును?

నేటి టెలివిజనులలో గేమ్ మోడ్ కలదు కదా యని ప్రతివాదులు అందురు. కలదు. దానిని పెట్టిన ఆలస్యము మిక్కిలి తగ్గును. మంచి టెలివిజనులలో మానిటరుతో సరితూగునంతగ తగ్గుననుటయు నిజమే. కాని ఆ మోడ్ చేయు పని ఏమి? బొమ్మకు చేయు ఆ సంస్కారములలో అధికభాగమును నిలిపివేయుటయే. ఏ హంగులకై అధికధనము చెల్లించితిమో వానిని ఆపివేసినగాని ఆటకు పనికిరాని యంత్రమును ఆటకొఱకే కొనుమనుటలో నాకు న్యాయము కానరాదు. పైగా, మెనూలలో ఎక్కడనో దాగియున్న ఆ మోడ్ సంగతియే తెలియక ఏండ్లతరబడి ఆడుచున్నవారు ఎందఱో కలరు.

పెద్ద తెర యనునది ప్రతివాదుల బ్రహ్మాస్త్రము. తెర పెద్దదగుట గోడకు కాదు, కంటికి కావలసినది. కంటికి తెర ఎంత యగుపించుననునది దాని అంగుళములనుబట్టియే గాక, అది యుండు దూరమునుబట్టియు నిర్ణయమగును. హాలులో ఎనిమిదడుగుల దూరమున సోఫాలో కూర్చున్నవాని చూపులో 55 అంగుళాల టెలివిజను ఆక్రమించు వెడల్పు సుమారు 28 డిగ్రీలు. బల్లమీద రెండున్నర అడుగుల దూరమున నున్న 27 అంగుళాల మానిటరు ఆక్రమించునది సుమారు 43 డిగ్రీలు. అదే వైశాల్యము హాలులో కావలెనన్న 86 అంగుళాల టెలివిజను తేవలయును. ఈ లెక్కకు పాండిత్యము అక్కఱలేదు. టేపు పట్టి కొలిచిన ఎవరికైనను తేలును. మూలన కదలు శత్రువును, అడుగున చిన్నయక్షరములలో వ్రాసిన సూచనను సోఫాలోనుండి ముందుకు వంగి కన్నులు చికిలించి చూడవలసిన దుర్గతి మానిటరు ముందు లేదు. దగ్గఱగ చూచిన కన్నులు చెడునందురేమో. మాదాపురములో పగలంతయు ఇంతే దూరమున తెర చూచుచు ఉద్యోగము చేసి వచ్చిన తండ్రి, ఒక గంట ఆడిన కుమారునికి ఈ మాట చెప్పుట తగదు. నడుమ నడుమ చూపు దూరమునకు మరల్పుమనుట ఇరువురికిని వర్తించు హితవు.

ఇదంతయు యంత్రముల మాట. ఇంతకన్న ముఖ్యమైనది ఇంటి మాట. మన మధ్యతరగతి యిండ్లలో టెలివిజను హాలులో నుండును, హాలు అందఱిది. సాయంకాలము అమ్మమ్మ సీరియలు, పిదప నాన్నగారి వార్తలు, ఆదివారము సినిమా. వీని నడుమ కన్సోలు తగిలించినవాడు ఇంటిల్లిపాదికిని శత్రువగును. ఇంటర్నెట్టు ద్వారా ఎవనితోడనో సాగుచున్న ఫుట్‌బాలు పందెమును నడుమ ఆపుటకు వీలులేదు; విడిచి లేచిన ఓటమి లెక్కకెక్కును. "అయిదు నిముషాలు నాన్నా" అని బతిమాలు పిల్లవానిదియు తప్పు కాదు, రిమోటు కొఱకు చేయి చాచిన తండ్రిదియు తప్పు కాదు. ఇరువురిని ఒక్క తెరకు కట్టివేసిన ఆచారముదే తప్పు. లోపలిగదిలో, ఇంటినుండి ఉద్యోగము చేసిన కాలమున కొన్న మానిటరు సాయంకాలమైనంతనే పనిలేక యుండును. దాని వెనుక నొక హెచ్‌డీఎమ్‌ఐ రంధ్రము ఖాళీగ నుండనే యుండును. 2021 ఫిబ్రవరి 2న మన దేశమున పీఎస్5 విడుదలైననాడు దాని వెల 49,990 రూపాయలు. అంత సొమ్ము కూడబెట్టి కొన్నవానిని, ఇంట నున్న మంచి తెరను కాదని మరల అంతంత వ్యయమునకు ఈడ్చుట హితవు కాదు, దోపిడి.

టెలివిజనుకు చెందవలసిన గౌరవమును దానికి ఇయ్యనొల్లనివాడను కాను. నలుగురు అన్నదమ్ములు చేరి ఆడునపుడు హాలులోని తెరయే తగినది. ఓఎల్‌ఈడీ టెలివిజను చూపు చీకటిలోని లోతును, హెచ్‌డీఆర్ వెలుగును సామాన్యపు మానిటరు చూపజాలదు. పెట్టెమీద హెచ్‌డీఆర్ అని అచ్చువేసిన చవుకబారు మానిటరులలో ఆ ముద్ర పేరునకే. మానిటరులో స్పీకరులు ఉండకపోవుట, ఉన్నను పీలగ నుండుట వాస్తవము. పీఎస్5 కంట్రోలరునకే హెడ్‌ఫోను తగిలించుకొనవచ్చును గాన ఇది పెద్ద చిక్కు కాదు, ఇంటివారికి నిశ్శబ్దమును దక్కును. అతివెడల్పైన 21:9 తెరను మాత్రము పీఎస్5 కొఱకు కొనవలదు. ఇరువైపుల నల్లని పట్టీలు మిగులును. 2560×1440 మానిటరు పీఎస్5కు పనికిరాదను మాట 2022 సెప్టెంబరునకు పూర్వము కొంత నిజము. ఆ నెల సోనీ దానికి ఏర్పాటు చేసిన పిదపను అదే మాట చెప్పువారు తెలియక చెప్పుచున్నవారే. ఆ పరిమాణమున సెకనుకు 120 బొమ్మలు కావలెనన్న హెచ్‌డీఎమ్‌ఐ 2.0 చాలును, 4కేలో 120 కోరినపుడే 2.1 అవసరమగును.

కన్సోలులు అమ్ము అంగళ్ళవారిని నేను కోరునది ఒక్కటే. ప్రదర్శనకు పెట్టిన ఆ మహాటెలివిజను ప్రక్కన ఒక బల్ల వేసి, 27 అంగుళాల మానిటరు నొకదానిని, దాని ముందు ఒక కుర్చీని ఉంచుడు. కొనవచ్చినవాని చేతికి కంట్రోలరు ఇచ్చి రెండింటిమీదను ఒకే పందెము ఆడనిండు. ఏది కావలయునో వాడే చెప్పును.