పిడికిలి విప్పని బిడ్డకు కాగితాల శిక్ష

"పరదేశంలో పిల్లల్ని కనేవాళ్లు ముందే కాగితాలు చూసుకోవద్దా? రూల్స్ అందరికీ ఒకటే కదా!" గల్ఫ్‌లో పుట్టిన బిడ్డ పాస్‌పోర్టు లేక అక్కడే చిక్కుకుపోయిందన్న కబురు వచ్చినప్పుడల్లా వినిపించే మాట ఇది. ఊళ్లో అంటారు, ఆఫీసుల్లో అంటారు, సాటి ప్రవాసులూ అంటారు. ఈ మాట తప్పు. పెద్దల లోటుకు పసిబిడ్డను శిక్షించే మాట.

ముందు అన్నీ సక్రమంగా ఉన్నవాళ్ల సంగతే చూద్దాం. మా అమ్మాయి కువైట్‌లో పుట్టింది. నాకు ఆకామా (నివాస అనుమతి) ఉంది, మా పెళ్లి రిజిస్టరై ఉంది. అయినా పాస్‌పోర్టు ఫొటో కోసం నలభై రోజుల పిల్లను తెల్ల దుప్పటి మీద పడుకోబెట్టి, మా చేతులు ఫొటోలో పడకుండా, తను కళ్లు తెరిచే క్షణం కోసం గంటసేపు కాచుకున్నాం. ఫారంలో సంతకం చోట వేలిముద్ర వేయాలి. బిగించిన పిడికిలిలోంచి బొటనవేలిని నా భార్య మెల్లగా విడదీసి సిరా అద్దింది. ముద్ర అలుక్కుపోయింది. ఫారం మళ్లీ మొదటి నుంచి నింపాం.

అక్కడ బర్త్ సర్టిఫికెట్ రావాలంటే పెళ్లి సర్టిఫికెట్ చూపాలి. విదేశీ పత్రాలను ఒకే ముద్రతో అంగీకరించే అపోస్టిల్ ఒప్పందంలో కువైట్ లేదు కనుక ఆ సర్టిఫికెట్ మీద రాష్ట్ర ప్రభుత్వం, ఢిల్లీలో విదేశాంగ శాఖ, కువైట్ ఎంబసీ, చివరికి కువైట్ విదేశాంగ శాఖ, వరసగా అందరి ముద్రలూ పడాలి. పెళ్లి నమోదును తప్పనిసరి చేస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 2002లోనే చట్టం వచ్చింది. కానీ గుడిలో తాళి కట్టించి, ఫొటోతో సరిపెట్టుకున్న ఇళ్లు రాజంపేట వైపూ కోనసీమలోనూ ఎన్ని లేవు? విమానం ఎక్కేముందు వాళ్లకు ఈ సంగతి చెప్పిందెవరు?

ఇక కాగితాలే లేని తల్లి. ఇంటిపనికి వెళ్లిన ఆమె పాస్‌పోర్టు కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) బీరువాలో ఉంటుంది. దెబ్బలు తాళలేక బయటపడితే పరారీ కేసు పెడతారు. ఆకామా పోతుంది, ఆమె 'ఖల్లివల్లి', అంటే కాగితాల్లేని మనిషి, అవుతుంది. ఆ స్థితిలో కాన్పయితే ఒక కాగితం లేనందుకు రెండోది రాదు, రెండోది లేనందుకు మూడోది రాదు. మన చట్టమూ ఆదుకోదు. 2004 డిసెంబరు 3 నుంచి, విదేశంలో పుట్టిన మన బిడ్డ పుట్టుకను ఏడాదిలోగా ఎంబసీలో నమోదు చేయించాలి. గడువు దాటితే కేంద్రం అనుమతి కావాలి. అరెస్టు భయంతో తల్లి ఏడాది దాక్కుంటే, అమ్మానాన్నలిద్దరూ భారతీయులైనా బిడ్డకు మాత్రం ఏ దేశమూ లేకుండా పోవచ్చు.

పిల్లల అక్రమ రవాణాను ఆపడానికే ఇంత కట్టుదిట్టం అంటారు. ఆ భయం నిజమే. కానీ బిడ్డ ఎవరిదో తేల్చడానికి ఆసుపత్రి రికార్డుంది, డీఎన్‌ఏ పరీక్ష ఉంది. ఏ రికార్డులోనూ పేరు లేని బిడ్డే దళారులకు సులువుగా దొరుకుతుంది. యూఏఈ 2022లో తెచ్చిన చట్టంతో పెళ్లి కాగితం లేని తల్లి కూడా బిడ్డ పుట్టుకను నమోదు చేయించుకునే వీలు వచ్చింది. అక్కడ సాధ్యమైంది మిగతాచోట్ల ఎందుకు కాదు? పుట్టిన వెంటనే నమోదు, పేరు, జాతీయత ప్రతి బిడ్డ హక్కులని బాలల హక్కుల ఒడంబడిక చెబుతోంది. 1991లో కువైట్, 1992లో మన దేశం దానికి కట్టుబడ్డాయి.

కాబట్టి ఆసుపత్రి రికార్డు, తల్లి గుర్తింపు ఉంటే చాలు, మన ఎంబసీలు బిడ్డను నమోదు చేయాలి. తల్లీబిడ్డలకు ఔట్‌పాస్ (స్వదేశం చేరడానికిచ్చే తాత్కాలిక ప్రయాణ పత్రం) ఒకేసారి ఇవ్వాలి. ఏడాది గడువు బిడ్డ పౌరసత్వానికి అడ్డు కాకూడదు.

మీ ఊరి నుంచి గల్ఫ్‌కు బయల్దేరే జంట ఉంటే, ఈ వారమే పంచాయతీ ఆఫీసుకు తీసుకెళ్లి పెళ్లి నమోదు చేయించండి. అది మన చేతిలో పని. మిగతాది ప్రభుత్వం పని, చేసేదాకా అడుగుదాం.