చక్రం దగ్గర శబ్దమా? తేల్చుకోనిదే ఘాట్ ఎక్కకండి

దసరా దగ్గరపడింది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీల్లోని తెలుగు కుటుంబాలు రిజర్వేషన్ దొరక్క సొంత కారులోనే ఊరికి బయల్దేరే రోజులివి. రాయ్‌పూర్, ధమ్‌తరి, కాంకేర్ దాటి కేశ్‌కాల్ ఘాట్ ఎక్కాలి. జగదల్‌పూర్, కొరాపుట్ మీదుగా పోయి పొట్టంగి, సుంకి దగ్గర ఘాట్ దిగితే సాలూరు, అక్కణ్నుంచి విజయనగరం. పైడితల్లి సిరిమాను ఉత్సవం నాటికి చేరుకోవాలన్న తొందర ఎవరికైనా ఉంటుంది. అయినా ఒక్క మాట వినండి. మీ కారు చక్రాల్లో ఏ ఒక్కటి దగ్గరైనా ఈ మధ్య కొత్త శబ్దం వినిపిస్తుంటే, అదేమిటో తేలేదాకా ఇల్లు కదలొద్దు.

ఇప్పుడే ఎందుకు చెప్పాలంటే, వానాకాలం చేసిన నష్టం బయటపడేది ఈ నెలల్లోనే. నీళ్లు నిలిచిన రోడ్ల మీద, బొగ్గు లారీల బరువుకు గుంతలు పడ్డ దారుల మీద కారు నడిచినప్పుడు చక్రం బేరింగ్ దెబ్బ తింటుంది. రబ్బరు సీలు దాటి నీరు, దానితో పాటు బొగ్గు ధూళి కలిసిన బురద లోపలికి చేరి గ్రీజును పాడుచేస్తాయి. శబ్దం ఆ రోజే రాదు. ఉక్కు గుండ్లు దొర్లే దారి తుప్పు పట్టి, సన్నగా పెచ్చులు లేచాక వస్తుంది. అందుకే ఆగస్టులో ముంపు దాటిన కారు అక్టోబరులో మూలగడం మొదలుపెడుతుంది. ఈలోగా ఆ ముంపు సంగతి ఇంట్లో అందరూ మరిచిపోయి ఉంటారు.

బేరింగ్ వేడెక్కితే ఏమవుతుందో బిలాస్‌పూర్‌కి తెలిసినంతగా మరే ఊరికీ తెలియదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారు ఈ లైన్లలో పనిచేస్తూ వచ్చారు. 2003 నుంచి ఈ ఊరు ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు కేంద్రం. ఈ యార్డుల మీదుగా కోర్బా బొగ్గు గూడ్సు బండ్లు రాత్రనక పగలనక కదులుతూనే ఉంటాయి. బండి లోపలికి వస్తుంటే క్యారేజ్ అండ్ వ్యాగన్ సిబ్బంది పట్టాలకు రెండు వైపులా నిలబడి చక్రాల చప్పుడు వింటారు, వేలాడే భాగాలు చూస్తారు. ఆగాక యాక్సిల్ బాక్సుల వేడి కొలుస్తారు. ఆగకుండా పోయే బండి కోసం కూడా స్టేషన్ మాస్టరు, గేట్‌మ్యాన్ బయటికి వచ్చి నిలబడతారు. పొగో నిప్పురవ్వో కనబడిందంటే ఎర్ర జెండానే. 'హాట్ యాక్సిల్' అన్న మాట చెవిన పడ్డాక వచ్చే స్టేషన్‌లో చూద్దాంలే అనే రైల్వే మనిషి ఉండడు. అలాంటి ఇళ్లలోనే పిల్లల్ని ఎక్కించుకుని పోయే కారు గుర్రుమంటుంటే పాట గట్టిగా పెట్టుకుని నడపడం నాకు మింగుడుపడదు.

ఆలస్యం ఎంత దూరం తీసుకుపోతుందో అమెరికాలోని ఒహాయో రాష్ట్రం చూసింది. 2023 ఫిబ్రవరి 3 రాత్రి ఈస్ట్ పాలస్తీన్ అనే చిన్న ఊరి దగ్గర ఒక గూడ్సు బండిలో 38 వ్యాగన్లు పట్టాలు తప్పాయి. కారణం ఒకే ఒక్క బేరింగ్. దారి పక్కన ఉన్న యంత్రాలు దాని వేడిని మూడుసార్లు కొలిచాయి. మొదట బయటి గాలి కంటే 38 ఫారెన్‌హీట్ డిగ్రీలు ఎక్కువ. తర్వాత 103. ఆ తర్వాత 253. మొదటి రెండు కొలతలకూ బండి ఆగలేదు. మూడోసారి హెచ్చరిక మోగి డ్రైవర్లు ఆపబోయేసరికే ఆ యాక్సిల్ చివర తెగిపోయింది. మూడు రోజుల తర్వాత ఐదు ట్యాంకర్లలోని వినైల్ క్లోరైడ్‌ను తగలబెట్టారు, ఊళ్లో జనం ఇళ్లు వదిలి పోవాల్సి వచ్చింది. రెండో కొలతకూ మూడో కొలతకూ మధ్య దూరం 30 కిలోమీటర్ల పైచిలుకు మాత్రమే. మన కారుకు దారి పక్కన అలాంటి యంత్రం కూడా లేదు. వినాల్సింది మన చెవులే.

ముందు ఆ శబ్దం ఇంజనుదా చక్రానిదా తేల్చండి. ఖాళీ రోడ్డు మీద అద్దాలు ఎక్కించి, ఏసీ, పాటలు ఆపి, గంటకు 50 కిలోమీటర్ల వేగంలో నిలకడగా నడపండి. అదే వేగంలో గేరు ఒకటి తగ్గించండి. ఇంజను గొంతు మారినా ఆ మూలుగు మారకపోతే అది చక్రాల వైపుదే. వేగంతో పాటు పెరిగి, వేగంతో పాటు తగ్గే గుర్రుమనే శబ్దం బేరింగ్ లక్షణం. ఇక వెడల్పైన వంపులో గమనించండి. ఎడమకు తిరిగితే బరువు కుడి చక్రాల మీదికి పోతుంది, అప్పుడు శబ్దం పెరిగితే అనుమానం కుడివైపు. కుడికి తిరిగితే పెరిగిందా, ఎడమ. ఇది అనుమానమే, తీర్పు కాదు. ఎగుడుదిగుడుగా అరిగిన టైరు అచ్చం ఇలాగే మూలుగుతుంది. టైరు మీద అరచేత్తో ముందుకోసారి, వెనక్కోసారి నిమరండి. ఒక వైపు నున్నగా, రెండో వైపు రంపంలా తగిలితే, టైర్లు ముందువి వెనక్కి మార్పించి నడిపి చూడండి. శబ్దం కూడా చోటు మారితే దోషం టైరుది. ఈ చిన్న పరీక్ష చేయకనే బేరింగుల మీద బేరింగులు మార్పించినవారు చాలామంది ఉన్నారు.

చదునైన నేల మీద మిగతా చక్రాలకు అడ్డు పెట్టి, అనుమానమున్న చక్రాన్ని జాకీతో లేపించండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి ఎవరూ కారు కిందికి దూరకూడదు. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ప్లే (వదులు) కనబడిందా, బేరింగో బాల్ జాయింటో అరిగింది. పక్కలకు ఊపినప్పుడే కదిలితే స్టీరింగ్ రాడ్ చివరలు చూడాలి. కాయిల్ స్ప్రింగ్ మీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో చక్రం తిప్పండి. లోపల ఇసుక ఉన్నట్టు గరగర తగిలితే, ప్లే లేకపోయినా ఆ బేరింగ్ పనికిరాదు.

మిగతా శబ్దాలు వేరు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలించినప్పుడు టకటకమంటే సీవీ జాయింట్. దాని రబ్బరు బూటు చిరిగి, రిమ్ము లోపలివైపు గ్రీజు చిమ్మి ఉంటుంది. బ్రేకు నొక్కితే కీచుమంటే ప్యాడ్లు అయిపోతున్నాయి. గీరుకుపోయే శబ్దమైతే అయిపోయాయి. గుంతలో పడ్డప్పుడల్లా ధడేల్‌మంటే లోయర్ ఆర్మ్, బాల్ జాయింట్, జంపింగ్ రాడ్ చూపించండి. వీటిలో బాల్ జాయింట్‌కు ఒక్క రోజు కూడా వాయిదా ఇవ్వకండి, అది ఊడితే చక్రం అక్కడికక్కడే మడతపడుతుంది. పంక్చరు వేయించిన మర్నాడే చప్పుడు మొదలైతే ముందు నట్లు బిగించుకోండి, ఎదురెదురు వరసలో. ఓ 50, 100 కిలోమీటర్లు నడిచాక మళ్లీ చూసుకోండి.

బేరింగ్ మార్చేటప్పుడు పక్కన నిలబడండి. సుత్తితో కొట్టి ఎక్కించిన కొత్త బేరింగ్‌కు ఆ దెబ్బలతోనే లోపల గుంటలు పడతాయి, కొన్నాళ్లకే మళ్లీ మోగుతుంది. ప్రెస్సు మీదే ఎక్కించాలి. ఏబీఎస్ ఉన్న చాలా కార్లలో బేరింగ్‌కు ఒక వైపున అయస్కాంత వలయం ఉంటుంది, తిరగేసి వేస్తే ఏబీఎస్ దీపం వెలుగుతుంది. 'అభీ చలేగా' అన్న మెకానిక్ మాట మార్కెట్ దాకా పోయి రావడానికి సరిపోతుందేమో, 500 కిలోమీటర్లు దాటిన ప్రయాణానికి సరిపోదు.

అన్నీ చూసుకుని బయల్దేరినా, మొదటి 20 కిలోమీటర్లయ్యాక గట్టిగా బ్రేకు వేయకుండా నెమ్మదిగా ఆపండి. నాలుగు చక్రాల మధ్యభాగం దగ్గర, తాకకుండా, చెయ్యి పెట్టి చూడండి. ఎడమకూ కుడికీ వేడిలో తేడా గట్టిగా ఉంటే బ్రేకు పట్టేసిందో, బేరింగ్ కాలుతోందో అర్థం, ప్రయాణం అక్కడే ఆపండి. ఘాట్ మీద ఉండగా శబ్దం ఒక్కసారిగా పెరిగినా, స్టీరింగ్ వణికినా, బ్రేకు పెడల్ మొదటి నొక్కుకు లోతుగా పోయినా కిందిదాకా దిగాక చూద్దాం అనుకోవద్దు. బేరింగ్ వదులైతే డిస్కు ఊగి ప్యాడ్లను వెనక్కి నెట్టేస్తుంది. పెడల్ లోతుకు పోవడానికి అదే కారణం కావచ్చు. తక్కువ గేరులో కారును పక్కకు తీసి, అందర్నీ దించి, రోడ్డుకు దూరంగా నిలబెట్టండి. జాతీయ రహదారి మీద సాయానికి 1033కు ఫోన్ చేయండి.